పోప్లర్ల దీవిలో పుట్టింటి చీర

ఆ సమాధిలో ఎవరూ లేరని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. దోహాలోనే ఒక రాళ్ళ కార్ఖానాలో దాన్ని కోసి, రెండు ముక్కలుగా చెక్కపెట్టెల్లో పెట్టి, లారీలో మా సైటుకు తెచ్చారు. సరుకు అందిందని సంతకం పెట్టింది నేనే. అయినా ఆ ఖాళీ రాయి మూలంగా ఒక మనిషి ఉద్యోగం పోయేదాకా వచ్చిన రోజు ఒకటి ఉంది. మొక్కల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ, మీలో కొందరు ఆ రోజు గురించి విని ఉన్నారు. తలా ఒక రకంగా విన్నారు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు తారీఖులు గుర్తుంటాయి. ఏ మొక్క ఏ రోజున నాటామో, దానికి ఎన్ని లీటర్లు పెట్టామో ఇప్పటికీ చెప్పగలను. మా పెళ్ళిరోజు మరిచిపోయినందుకు నేను మావారిని దెప్పిన సందర్భాలున్నాయి గాని, ఆయనకు ఆ అవకాశం ఎప్పుడూ ఇవ్వలేదు. కానీ ఇక్కడ తారీఖులు రాయను, పేర్లు అసలే రాయను. మన తెలుగువాళ్ళ వరకు దోహా చిన్న ఊరు. తారీఖు చెబితే మనిషి తెలిసిపోతాడు. దేశమంతా స్టేడియాలు కడుతున్న కాలం అనుకోండి, సరిపోతుంది.

అప్పుడు నేను తోటలు వేసే ఒక కంపెనీలో మొక్కల విభాగం చూసేదాన్ని. ఆఫీసు వెస్ట్ బేలో, ఇల్లు అల్ మన్సూరాలో, పని మాత్రం ఎండ ఎక్కడుంటే అక్కడ. దోహాకు ఉత్తరాన ఒక పెద్దాయన పొలంలో తోట వేసే పని మాకు వచ్చింది. సైటులో అందరూ ఆయనను అర్బాబ్ అనేవాళ్ళు. గల్ఫులో యజమానిని అలాగే అంటారు. డెబ్బై దాటిన మనిషి. కుర్రతనంలో ఫ్రాన్సులో చదువుకున్నారు. అక్కడ చూసిన ఒక తోట లాంటిది తన పొలంలో కావాలన్నారు.

ఆ తోట సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పారిస్ నుంచి కారులో గంట దూరంలో ఒక పాత జమీందారీ ఎస్టేటు ఉంది. రెండున్నర శతాబ్దాల కిందట అక్కడి జమీందారు తన భూమిని తోటగా మార్చాడు. రాజుల తోటల్లో లాగా తాడు పట్టి కత్తిరించిన చెట్లు కావు. వంకర దారులు, చెరువు, వాగు, గుట్ట, అడవిలో నడుస్తున్నట్టుండే తోట. మనిషి పుట్టుకతో మంచివాడే, సంఘమే వాణ్ణి చెడగొడుతుందని రాసిన ఒక తత్వవేత్త అంటే ఆయనకు భక్తి. ఆ భక్తితోనే తోట వేయించాడు. తత్వవేత్త ముసలితనంలో అతిథిగా అక్కడికే వచ్చి చేరాడు. వచ్చిన ఆరు వారాలకు పోయాడు. చెరువు మధ్య దీవిలో, చుట్టూ పోప్లర్ చెట్లు ఉన్న చోట పాతిపెట్టారు. పదహారేళ్ళ తరువాత ప్రభుత్వం వాళ్ళు తవ్వి తీసి, ఊరేగింపుగా రాజధానికి తీసుకుపోయారు. సమాధి మాత్రం దీవిలోనే ఉండిపోయింది. ఇప్పటికీ జనం వచ్చి ఒడ్డున నిలబడి ఆ ఖాళీ రాతిని చూసి వెళ్తారట.

అర్బాబ్ మాకు అప్పగించింది చిన్న చెరువు, మధ్యలో దీవి, దీవి మీద పోప్లర్లు, చుట్టూ వంకర దారి. నక్షా ఫ్రాన్సు నుంచి ఒక డిజైనర్ గీసి పంపింది. ఆమె గీసిన దీవి మీద సమాధి కూడా ఉంది. అది చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఇక్కడివాళ్ళు సమాధుల మీద రాళ్ళు కట్టరు, అలంకారాలు చేయరు. అది వాళ్ళ నియమం. మా ప్రాజెక్ట్ మేనేజర్ హైదరాబాదు కుర్రాడు, చురుకైనవాడే. అతన్ని అడిగాను, అర్బాబ్‌కు ఇది తెలుసా అని.

"మేడమ్, డ్రాయింగ్‌లో ఉంది. అప్రూవ్ అయిన డ్రాయింగ్. మనం పెడతాం, బిల్లు చేస్తాం. అడిగితే ఇంకో రెండు నెలలు లేట్."

"ఆయనే అడిగితే?"

"అడిగితే డ్రాయింగ్ చూపిస్తాం."

ఈ జవాబు మీరు కూడా ఏదో ఒక ఆఫీసులో వినే ఉంటారు. అర్బాబ్ అప్పటికే వైద్యం కోసం విదేశం వెళ్ళారు. అడగడానికి ఆయన లేరు. రాయి వచ్చింది, దీవి ఎక్కింది.

పోప్లర్లది వేరే కథ. మొదటి విడత ఐరోపా నుంచి తెప్పించారు, నిటారుగా కొవ్వొత్తుల్లా ఉండే రకం. వద్దని కాగితం మీద రాసి ఇచ్చాను. వేసవి మొదలై నెల తిరిగేసరికి ఒక్కటి మిగల్లేదు. మా ఫోర్‌మన్ నిజామాబాద్ వైపు మనిషి, ఇరవై ఏళ్ళుగా గల్ఫులో ఉన్నాడు. ఆ చెట్ల వరస చూసి తల పట్టుకున్నాడు.

"సూసిన్రా మేడమ్, చీపురుపుల్లల్లెక్క అయినయి. మనోళ్ళకు ఫోన్ల దుబాయ్‌ల తోట వెడుతున్న అని చెప్పిన. ఇగ ఫోటో పంపుమంటే ఏం పంపాలె?"

"చెరువు ఫోటో పంపు. చెరువు పచ్చగానే ఉంది."

"అది నాచు మేడమ్."

రెండోసారి నా మాట విన్నారు. యూఫ్రటీస్ నది ఒడ్డున పెరిగే పోప్లర్ జాతి ఒకటి ఉంది. కొవ్వొత్తిలా ఉండదు, కొంచెం చెదిరి పెరుగుతుంది. కానీ ఉప్పు నీళ్ళు తాగి బతుకుతుంది. ఎండనూ తట్టుకుంటుంది. ఆకు గాలికి ఊగినప్పుడు చప్పుడు మాత్రం అదే చప్పుడు. వాటిని నాటి, దీవికి ఒక మాలిని వేశాం.

ఆ మాలి కడప జిల్లా పల్లె మనిషి. నలభై దాటి ఉంటాడు. అంతకుముందు ఒక ఇంట్లో డ్రైవరుగా చేశాడు. మాటకారి కాదు, కానీ చెట్లతో మాట్లాడేవాడు. దీవికి వెళ్ళడానికి తాడు లాగి నడిపే చిన్న పంటు ఉండేది. పొద్దున అందులో వెళ్తే మళ్ళీ భోజనానికే వచ్చేవాడు. వేళ్ళ దగ్గర ఉప్పు పేరుకోకుండా వారానికి ఒకసారి నీళ్ళు ఎక్కువ పెట్టి మట్టిని కడగాలని చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు అరుదు. నేను ఒక మనిషిని మెచ్చుకోవాలంటే ఇంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు.

ఒక రోజు దీవి మీద పైపులు చూస్తుంటే ఆ రాయిని చూపించి అడిగాడు.

"ఎవురిదమ్మా ఇది?"

చెప్పాను. తత్వవేత్త, జమీందారు, చెరువు, ఆరు వారాలు, అంతా. శ్రద్ధగా విన్నాడు.

"అడక్కుండానే తవ్వకపోయినారా?"

"చనిపోయినవాణ్ణి ఎలా అడుగుతారు?"

"ఇంటోళ్ళను అడగచ్చు గదమ్మా. మా ఊర్లో అయితే తలకాయలు పగుల్తాయి." రాతి మీద చెయ్యి వేసి, "అయితే ఆడా ఖాళీనే, ఈడా ఖాళీనే" అన్నాడు.

"అవును."

"ఖాళీగా ఉండేదానికి ఇంత రాయా!" అని పని చేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

అక్టోబరు చివర్లో ఊళ్ళో అతని అక్క పోయింది. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే సాకింది. పుట్టింట్లో మిగిలింది ఈ తమ్ముడొక్కడే. అంతకు వారం ముందే కంపెనీ సెలవులన్నీ ఆపేసింది. నవంబరులో అర్బాబ్ తిరిగి వస్తారని, తోట అప్పగించేదాకా ఎవరూ కదలకూడదని ఆజ్ఞ. అతని సెలవు దరఖాస్తు నేను సిఫారసు రాసి పంపాను. వెనక్కి వచ్చింది. మేనేజర్ దగ్గరకు వెళ్ళి ఎదురుగా కూర్చుని అడిగాను. "మేడమ్, ఒక్కడికి ఇస్తే యాభై మంది లైన్ కడతారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. పనివాళ్ళుండే క్యాంపులో ఆ ఏడాది ఊరికి పోవాల్సిన కారణం లేనివాడు లేడు.

మాలికి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

"పోనీలేమ్మా. ఇప్పుడు పోయినా మొకం కనపడదు. మట్టి అయిపోయింటాది" అన్నాడు. ఆ మధ్యాహ్నం కూడా దీవికి వెళ్ళి నీళ్ళు పెట్టాడు.

అర్బాబ్ వచ్చే రోజు ఖరారైంది. వెస్ట్ బే నుంచి పెద్దవాళ్ళు వస్తారని, అందరూ ఉతికిన యూనిఫారం వేసుకోవాలని చెప్పారు. ఆ పొద్దున నేను వ్యాన్ దిగేసరికి ఫోర్‌మన్ ఎదురొచ్చాడు. అతని ముఖం బాగాలేదు.

"మేడమ్, మీ సీమ మాలి తెల్లారంగనే దీవి మీదికి వోయిండు. చేతుల టిఫిన్ క్యారియర్ ఉన్నది. ఇంకోటి, చీర."

"చీరా?"

"కొత్త చీర. కవర్‌ల వెట్టుకున్నడు. అడిగితే చెప్తలేడు. జర మీరే సూడున్రి."

పంటు మీద వెళ్ళాను. సమాధి రాతి మీద పసుపు రంగు చీర మడత విప్పకుండా పెట్టి ఉంది. దాని మీద పసుపు, కుంకుమ పొట్లాలు, గాజులు. పక్కన స్టీలు పళ్ళెంలో రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. అతను తలకు తువ్వాలు చుట్టుకుని రెండు గజాల దూరంలో గొంతుక్కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

నాకు అడగాల్సిన పని లేకపోయింది. ఆ రోజు ఆమెకు పదకొండో రోజు, పెద్ద దినం. మన వైపు ముత్తైదువగా పోయిన ఆడమనిషికి ఆ రోజు పుట్టింటి చీర పెట్టాలి. అది పెట్టనిదే కర్మ పూర్తి కాదంటారు. సమాధి దగ్గర ఆమెకు ఇష్టమైనవి వండి పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు.

"డబ్బు పంపి ఉంటే ఊళ్ళో మీవాళ్ళు చీర కొని పెట్టేవాళ్ళు కదా" అన్నాను.

"అది వాళ్ళు పెట్టినట్లమ్మా. పుట్టింటోడు చేత్తో పెట్టాల."

"దీని మీదనా? ఇది ఎవరిదో సమాధి."

"ఎవురిదీ గాదని మీరే గదమ్మా చెప్పినారు. ఖాళీగా ఉండాది. ఈ ఒక్క పూటకు మా అక్కకిస్తే ఎవురికి నష్టం?"

నేను వాదనలో సామాన్యంగా ఓడిపోను. ఆ ఒక్కసారి ఓడిపోయాను. కానీ ప్రమాదం నాకు స్పష్టంగా తెలుసు. ఇంకొకరి భూమిలో, అదీ వాళ్ళ మతం ఒప్పుకోని తీరులో, సమాధికి చీర పెట్టి అన్నం పెట్టడం చూస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, ఇంకా ఏమవుతుందో చెప్పలేం. ఊళ్ళో అతని మీద ఆధారపడినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు వాళ్ళతో పాటు అక్క పిల్లలు కూడా.

"అర్బాబ్ ఇంకో గంటలో వస్తారు" అన్నాను.

"తీసేయమంటే తీసేస్తానమ్మా. మీరు చెప్పండి."

తీయమని నేను అనలేదు. ఉంచమని కూడా అనలేదు. డ్రిప్పు పైపుల దగ్గర కూర్చుని ఒక్కొక్క రంధ్రం చూడడం మొదలుపెట్టాను. వాటిని నేను ముందు రోజే చూశాను.

కాకి రాలేదు. దోహాలో ఓడరేవు వైపు కాకులు కనిపిస్తాయి గాని ఆ పొలాల వైపు నేను ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఆకాశం వైపే చూస్తున్నాడు.

ముందు వచ్చింది మేనేజర్. ఒడ్డు నుంచి పసుపు చీర కనబడి పంటు మీద హడావిడిగా వచ్చాడు. చూశాడు, అర్థం చేసుకున్నాడు. హైదరాబాదు వాడికి దినం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మేడమ్, మీరు ఇక్కడే ఉండి..." అని నా వైపు చూసి, తరువాత గొంతు తగ్గించాడు. "ఇది చాలా సీరియస్. ఇదంతా బ్యాగ్‌లో పడేయండి. ఇతన్ని ఇప్పుడే వెనక గేటు నుంచి క్యాంప్‌కి పంపించేద్దాం. రేపు టికెట్. ఎవరైనా అడిగితే మన దగ్గర అలాంటి మనిషి లేడు."

"ఉన్నాడు కదా."

"మేడమ్, నేను ఇతని మీద కోపంతో చెప్పట్లేదు. ఇతని మంచికే. ఇక్కడే ఉంటే పోలీసుల దాకా పోవచ్చు."

మేనేజర్ పళ్ళెం మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టకు. నీ పేరున పెట్టింది కాదు" అన్నాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎంత చదివినా కొన్ని భయాలు పోవు. ఆ రోజు అవి పనికొచ్చాయి.

అప్పటికే ఒడ్డున కార్లు ఆగాయి. అర్బాబ్ చేతికర్ర ఊని దిగారు. వైద్యం తరువాత బాగా చిక్కిపోయారు. మిగతావాళ్ళను ఒడ్డునే ఉండమని చెప్పి, తానొక్కరే పంటు ఎక్కారు. ఫోర్‌మన్ తాడు లాగాడు. అతను అంత నెమ్మదిగా తాడు లాగడం నేను ముందూ వెనకా చూడలేదు.

దిగగానే ఆయన చూసింది రాతిని. తరువాత చీరను. తరువాత మాలిని. మాలి లేచి నిలబడ్డాడు.

మేనేజర్ ముందుకు వెళ్ళాడు. "సర్, వర్కర్ బ్రేక్‌ఫాస్ట్ చేస్తున్నాడు. ఇప్పుడే తీయించేస్తాం."

ఆయన అతని వైపు చూడలేదు. నా వైపు తిరిగారు. నన్ను ఆయన ముహందిసా అని పిలిచేవారు, ఇంజనీరమ్మ అన్నట్టు.

"ముహందిసా, ఈ మనిషి ఏం చేస్తున్నాడు?"

నేను ఎప్పుడూ ఆయనకు కొలతలే చెప్పాను. నీళ్ళెంత, ఎత్తెంత, ఎన్నాళ్ళు పడుతుంది. ఆ అలవాటుతోనే చెప్పాను, ఏదీ పెంచలేదు, తగ్గించలేదు. అక్క పోయింది, సెలవు దొరకలేదు, ఈ రోజు పదకొండో రోజు, పుట్టింటి చీర ఇతను చేత్తో పెట్టాలి, పక్షి వచ్చి తినేదాకా చూడాలి. ఇందులో మీ రాతికి గాని, మీ భూమికి గాని అవమానం చేసే ఉద్దేశం లేదు. అది ఖాళీ అని నేను చెప్పడం వల్ల ఇక్కడ పెట్టాడు.

మేనేజర్ ఒడ్డున ఉన్న పెద్దవాళ్ళ వైపు చూశాడు.

అర్బాబ్ ఒకసారి పళ్ళెం వైపు, ఒకసారి ఆకాశం వైపు చూశారు. ఆ తరువాత అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు.

"పక్షి రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేం. ఇక్కడ ఆ పక్షి లేదు."

దీవి అంచున నేను వేయించిన బల్ల ఒకటి ఉంది. ఆయన వెళ్ళి దాని మీద కూర్చున్నారు, సమాధికి వీపు పెట్టి, నీళ్ళ వైపు తిరిగి. చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు. "నేను ఏమీ చూడలేదు. అతన్ని చేసుకోనివ్వండి" అన్నారు.

అలా ఐదుగురం ఉన్నాం అక్కడ. ఆకులు చప్పుడు చేస్తున్నాయి. ఆయన నీళ్ళను చూస్తూ నాతో మాట్లాడారు.

"నేను ఆ దేశం వెళ్ళినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఎవరూ తెలియదు. ఒక ఆదివారం ఎవరో ఆ తోటకు తీసుకెళ్ళారు. ఒడ్డున నిలబడి అందరూ దీవిని చూస్తున్నారు. సమాధి ఖాళీ అన్నారు. మరి ఎందుకు వస్తున్నారని అడిగాను. ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత ప్రతి ఆదివారం నేనూ వెళ్ళాను." చేతికర్రను సర్దుకున్నారు. "డిజైనర్‌కు చెప్పాను, దీవి కావాలి, చెట్లు కావాలి, రాయి వద్దు అని. మా సమాధులు నేలతో సమానం. మా అమ్మ ఏ వరసలో ఉందో తెలుసు, అంతే. రాయి పెడితే మనిషి రాతినే చూస్తాడు."

వెనక నుంచి ఫోర్‌మన్ గొంతు వినిపించింది. మాలి పక్కన కూర్చుని మెల్లగా చెప్తున్నాడు.

"తమ్మీ, ఈ దేశంల కాకికి గూడ వీసా దొర్కదురా. గానీ ఆమెకు ఏదో కోరిక మిగిలుంటది. మాటియ్యి. మాటిస్తే యాడికెళ్ళయినా వస్తది."

అది మీకు తెలిసిన ఆనవాయితీయే. కాకి ముట్టకపోతే, పోయినవాళ్ళ మనసులో ఉన్నదాన్ని తీరుస్తామని పైకి చెప్తారు. మాలి లేచి రాతి దగ్గరకు వెళ్ళాడు. చేతులు జోడించాడు.

"అక్కా, ఇంక ఈడ ఉండను. వచ్చేస్తా. చేను నేనే సేసుకుంటా. నీ పిల్లోళ్ళ కాడనే ఉంటా. వచ్చేస్తానక్కా."

"ఏమంటున్నాడు?" అని అర్బాబ్ తల తిప్పకుండా అడిగారు. చెప్పాను.

"నిజమేనా అని అడుగు."

అడిగాను. మాలి నేల వైపు చూశాడు. నేను రెట్టించలేదు.

కాకి రాలేదు. చివరికి రెండు గోరింకలు వచ్చాయి. ఒకటి పళ్ళెం అంచున వాలి సంగటి పొడిచింది. ఫోర్‌మన్ ఆశగా చూశాడు. మాలి తల అడ్డంగా ఊపాడు.

"సాలమ్మా. ముసలాయన్ని ఎండలో కూకోబెట్టినాం" అని చీర తీసి కవర్లో పెట్టాడు. సంగటి చేపలకు వేసి, పళ్ళెం కడిగి, రాతి మీద పడిన పసుపును తడిగుడ్డతో తుడిచాడు. మరక ఉందేమోనని వంగి చూసి మళ్ళీ తుడిచాడు.

అప్పుడు అర్బాబ్ లేచారు. మేనేజర్ వైపు మొదటిసారి తిరిగారు.

"ఈ రాయి ఈ వారంలో పోవాలి. ఇతను ఉండాలి. ముందు ఊరికి పంపండి."

అంతే. ఆ తరువాత చెట్లు చూశారు. ఒక ఆకు తెంపి చేతిలో పెట్టుకున్నారు. ఇది ఫ్రాన్సులో ఉన్న రకం కాదు కదా అన్నారు. కాదన్నాను. చప్పుడు అదేనన్నారు.

మా మేనేజర్ ఆ పొద్దున రాయిని ఉంచి మనిషిని పంపుదామనుకున్నాడు. ఆయన రాయిని పంపి మనిషిని ఉంచారు. ఇందులో మేనేజరును దుర్మార్గుడిగా మీరు అనుకోవద్దు. అతను డ్రాయింగ్‌లో ఉన్నదాన్ని కాపాడాడు. మనిషి ఏ డ్రాయింగ్‌లోనూ ఉండడు. ఆ సాయంత్రం వ్యాన్‌లో నా పక్క సీట్లో కూర్చుని, చాలా దూరం వచ్చాక, "మా నాన్న దినానికి కాకి వెంటనే వచ్చింది మేడమ్" అన్నాడు. తరువాతి కాలంలో అతను చాలా పైకి వెళ్ళాడు. సెలవుల విషయంలో అతని మీద ఫిర్యాదులు నేను వినలేదు.

రాయిని పంటు మీద ఒక్కొక్క ముక్కా ఒడ్డుకు తెచ్చారు. తాడు లాగినవాళ్ళలో మాలి ఉన్నాడు. అది ఇండస్ట్రియల్ ఏరియాలో మా యార్డులో ఒక మూల పడి ఉండేది. నేను రిటైర్ అయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. డ్రైవర్లు దాని మీద కూర్చుని టీ తాగేవాళ్ళు. దీవి మీద దాని చోట ఏం నాటమంటారని ఫోర్‌మన్ అడిగితే ఏమీ వద్దన్నాను. ఉద్యోగంలో నేను ఖాళీగా వదిలేసిన నేల అదొక్కటే.

మాలి సెలవు మీద వెళ్ళి, గడువు ముగిసే రోజుకు తిరిగి వచ్చాడు. రాడని సైటులో సగం మంది అనుకున్నారు. అక్కకు మాటిచ్చాడు కదా. వచ్చి పంటు తాడు పట్టుకుని నన్ను దీవికి తీసుకెళ్ళాడు. చెట్లన్నీ ఒకసారి చూసుకున్నాక నేనే అడిగాను, ఊళ్ళో చీర పెట్టావా అని.

"పెట్టినానమ్మా. నెలమాసికం నాడు పెట్టినా. సంగటి పెట్టినా. కాకులు చెట్టు నిండా ఉండాయి, ఒక్కటీ దిగల్యా. ఊరోళ్ళంతా చుట్టూ నిలబడుకుని, మాటియ్యి, మాటియ్యి అంటాండారు. ఈడ చెప్పిందే ఆడా చెప్పినా. వచ్చేసినానక్కా, ఇంక పోనక్కా అని. దిగల్యా."

"తరువాత?"

"అందరినీ పక్కకు పొమ్మన్యా. అక్కా, నేనుండలేను, మళ్ళా పోతాండా, నీ పెద్దపిల్ల నర్సు చదువుకు దుడ్లు కావాల, ఈడుంటే రావు అని చెప్పినా. చెప్పి ఇంకా లేచినానో లేదో, వచ్చి ముట్టె."

కాసేపు పైపు సర్దాడు.

"చిన్నప్పటినుంచీ అంతేనమ్మా. అబద్ధం చెప్తే మా అక్క అన్నం తినేది గాదు."